చిన్న మ్యూజియానికి ఒక్క మనిషిని ఇవ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక, పురావస్తు శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లోని చిన్న మ్యూజియాల కోసం ఒక ఉద్యోగం అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఉద్యోగం నాకు కాదు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాను. నగరంలోని ఒక చిన్న మ్యూజియంలో కొన్నేళ్లుగా వాలంటీరుగా పనిచేస్తున్నాను. దాని పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయే ఇబ్బంది అక్కడి సిబ్బంది తెచ్చిపెట్టింది కాదు. వేరే చోట్ల పనిచేసిన వాలంటీర్లను కదిలించినా ఇదే మాట చెబుతున్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి వేరు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాధాన్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కాబట్టి దాన్ని చూడటానికైనా పిల్లలు వస్తారు. నేను మాట్లాడేది రెండు మూడు గదులు, ఒక ఇన్‌చార్జి, ఇద్దరు అటెండర్లు, ఒక వాచ్‌మన్‌తో నడిచే మ్యూజియాల గురించి. అక్కడా మంచి వస్తువులున్నాయి. వాటి గురించి చెప్పే మనుషులే లేరు. ఆ లోటు తీర్చడానికే వాలంటీర్లు కావాలని అందరూ అంటారు. నిజమే, కావాలి. కానీ వాళ్లను పిలుస్తున్న పద్ధతి వల్ల ఒక్కరూ నిలవడం లేదు.

ఏటా ఇలా జరుగుతుంది. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. దానికి ముందు ప్రకటన ఇస్తారు, వాట్సాప్ గ్రూపు పెడతారు. డిగ్రీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నాలాంటి రిటైరైనవాళ్లు, ఇంటిపని చూసుకుని మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికే గృహిణులు ఉత్సాహంగా వస్తారు. ఫోటోలు దిగుతారు. బోనాలు అయ్యేసరికి సగం మంది ఉండరు. దసరా నాటికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. మళ్లీ మేలో కొత్త గ్రూపు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదండీ" అని తేల్చేస్తారు.

ఈ మాటతో నేను ఏకీభవించను. ఉప్పల్ అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయిని చూశాను. ఆమె వచ్చిన శనివారం ఇన్‌చార్జి గారు మీటింగుకి వెళ్లారు. ఆమె వస్తుందని అటెండరుకు ఎవరూ చెప్పలేదు. ఏ పని ఇవ్వాలో ఆయనకు తెలియదు, ఇవ్వడానికి ఆయనకు అధికారమూ లేదు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయింది. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాత రాలేదు. ఇందులో ఆ అమ్మాయికి ఓపిక లేకపోవడం ఎక్కడుంది? ఆమెను రమ్మన్నవాళ్లు ఉన్నారు గానీ, ఎదురుచూసేవాళ్లు లేరు.

ఇంకో నష్టం పైకి కనిపించదు. మాతో పాటు పాతబస్తీ నుంచి ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు వచ్చేవారు. ఫార్సీ కూడా బాగా చదువుతారు. నాణేల షోకేసు దగ్గర పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని, చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయిని చూపించి, "ఆ గుమ్మం మధ్యలో ఏముందో వెతకండి బేటా" అనేవారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి వెతికేవారు. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాణెమైతే 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలానిదైతే 'ఐన్'. రాజు పేరులోని మొదటి అక్షరం చార్మినార్ గుమ్మంలో కనిపించగానే పిల్లల ముఖాలు వెలిగిపోయేవి. నిజాం రాజ్యపు డబ్బైన హాలీ సిక్కా అంటే ఏమిటో, హైదరాబాద్ రాజ్యానికి సొంత రూపాయి ఎందుకుండేదో, అక్కణ్ణుంచి ఆయన కథ సాగేది. ఆ తర్వాత ఆయన కొడుకు దగ్గర ఉండటానికి వేరే ఊరు వెళ్లిపోయారు. ఆయన చెప్పిన వాటిలో ఒక్క ముక్క కూడా మ్యూజియంలో ఎక్కడా రాసి లేదు. ఆ షోకేసు మీద లేబుల్ ఇప్పటికీ "ఆసఫ్‌జాహీ నాణేలు, వెండి" అనే ఉంది.

అందుకే అడుగుతున్నాను. ప్రతి చిన్న మ్యూజియానికీ జీతం తీసుకునే ఒక వాలంటీర్ కోఆర్డినేటర్‌ని ఇవ్వండి. పూర్తికాలం కుదరకపోతే దగ్గర దగ్గరగా ఉన్న రెండు మ్యూజియాలకు ఒకరైనా చాలు. ఎవరు ఏ రోజు వస్తారు, ఏ గ్యాలరీలో ఉంటారు, ఇవాళ ఏం చేస్తారు అన్నది ముందు రోజే ఆ మనిషి ఖరారు చేయాలి. రానివాళ్లకు ఫోన్ చేయాలి. వచ్చినవాళ్లకు తెలిసిన విషయాలను రాయించి, రికార్డు చేయించి, మ్యూజియం ఆస్తిగా భద్రపరచాలి. ఇన్‌చార్జి బదిలీ అయినా ఆ ఫైలు అక్కడే ఉండాలి. ఇది ఇంకో అధికారికి అదనపు బాధ్యతగా అప్పగించే పని కాదు. అదనపు బాధ్యత అంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వాలంటీర్లతో నడిచే సంస్థలు మన నగరానికి కొత్త కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1901లో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు దాని స్థాపకుల్లో ఒకరు. 1923లో ఆయన కన్నుమూశాక ఆయన పేరుతో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సేకరించి 1935లో అచ్చు వేసింది. జీతాల కోసం చేసిన పనులు కావవి. అయితే వాటి వెనక ఉత్సాహంతో పాటు ఒక పద్ధతి కూడా ఉంది. మండలికి ఆదిరాజు వీరభద్రరావు గారు కార్యదర్శిగా ఉన్నారు. ఉత్తరం వస్తే జవాబు రాయడానికీ, సేకరించినదాన్ని జాగ్రత్త చేయడానికీ బాధ్యత పడిన ఒక మనిషి ఉన్నారు. ఈనాటి మన చిన్న మ్యూజియాల్లో లేనిది ఆ కార్యదర్శే.

వాలంటీర్లకు ఏ పని ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో కూడా మీ ఉత్తర్వుల్లో స్పష్టంగా ఉండాలి. ఈ విషయం నాకు చాలా ముఖ్యం. వస్తువులను తాకే పని శిక్షణ లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. చేతి చెమటలోని ఉప్పు కంచు, ఇత్తడి మీద మచ్చ వేస్తుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు. తాళపత్రం అంచు పట్టుకుని ఎత్తితే విరుగుతుంది. పాత బట్టలు, నీటిరంగుల బొమ్మల మీద 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడకూడదు, కానీ వచ్చినవాళ్లు సరదాగా ఫోన్ లైటు వేస్తారు. షోకేసు తాళం చెవులు వాలంటీరు చేతికి రాకూడదు. ఇది వాళ్ల మీద అనుమానంతో అంటున్న మాట కాదు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ బాక్సు దొంగతనం జరిగింది, పోలీసులు దాన్ని తిరిగి పట్టుకున్నారు. అలాంటిదేదైనా జరిగితే మొదటి అనుమానం బయటివాళ్ల మీదే పడుతుంది. ఐడీ కార్డు, రాకపోకలు రాసే రిజిస్టరు, పిల్లలతో పనిచేసేవాళ్లకు పోలీసు వెరిఫికేషన్ ఉంటే వాలంటీర్లకూ రక్షణే.

ఇవ్వదగ్గ పనులకు లోటు లేదు. స్కూలు పిల్లలకు గ్యాలరీ చూపించడం ఒకటి. మన దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ కావాలి. ఒకే అటెండరు నాలుగింట్లోనూ చెప్పలేరు, నలుగురు వాలంటీర్లుంటే చెప్పగలరు. చేత్తో రాసిన పాత వస్తు రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకో పెద్ద పని. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారు చేసిన జతన్ సాఫ్ట్‌వేర్‌తో సాలార్‌జంగ్ సహా కొన్ని జాతీయ మ్యూజియాల వస్తువుల వివరాలు ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చిన్న మ్యూజియంలో ఆ పని ఎవరు చేస్తారు? గచ్చిబౌలిలో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు శనివారం పొద్దున మూడు గంటలు ఇస్తామంటున్నారు. రిజిస్టర్ పేజీ ముందు పెట్టి, తప్పులు సరిచూసే ఒక మనిషిని పక్కన కూర్చోబెడితే చాలు. వానాకాలంలో గదుల్లో తేమ ఎంతుందో రోజూ రాయడం, అల్మారాల మూలల్లో చెద, సిల్వర్‌ఫిష్ కనిపిస్తే వెంటనే చెప్పడం కూడా ఎవరైనా నేర్చుకోగలరు. ఇది చూడటానికి చిన్న పనే గానీ, కాగితాలున్న మ్యూజియానికి ఇంతకంటే మేలు చేసేది లేదు.

కాలాన్ని బట్టి డ్యూటీ వేయాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా విద్యార్థులకు పరీక్షల టెన్షన్, అప్పుడు వాళ్లను పిలవకూడదు. ఆ రోజుల్లో పెద్దవాళ్లం చూసుకుంటాం. మే ఎండల్లో మమ్మల్ని మధ్యాహ్నం రమ్మనకూడదు, అప్పుడు పరీక్షలైపోయిన పిల్లలుంటారు. బడులు ఎక్కువగా విహారయాత్రలకు వచ్చేది చలికాలంలో కాబట్టి కొత్తవాళ్లకు శిక్షణ వర్షాకాలంలోనే అయిపోవాలి. ఈ మాత్రం లెక్క వేసుకునే మనిషి లేకే మేలో పిలిచి, జూన్‌లో వదిలేస్తున్నారు.

విద్యార్థులను నిలబెట్టడానికి ఒక దారి ఉంది. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, అంటే ఏడాదికి 120. వారానికి 3 గంటల చొప్పున 40 వారాలు మ్యూజియానికి వస్తే ఆ ఏడాది గంటలు నిండుతాయి. మ్యూజియంలో చేసిన పనిని ఈ గంటల్లో లెక్కించేలా మీ శాఖ యూనివర్సిటీలతో ఒప్పందం చేసుకోవాలి. ఒక్కరోజు చీపురు పట్టి ఫోటో దిగే కార్యక్రమం కంటే, ఏడాది పొడవునా ఒకే గ్యాలరీని తన బాధ్యతగా చూసుకున్న విద్యార్థికి వచ్చే చదువు ఎంతో గట్టిది. అధ్యాపకురాలిగా ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

ఇక అటెండర్ల విషయం. వాలంటీర్లు వస్తున్నారంటే తమ ఉద్యోగాలకు ఎసరు వస్తుందని వాళ్లు భయపడతారు. ఆ భయం అకారణం కాదు. "పని ఎలాగూ జరుగుతోంది కదా" అని ఖాళీ పోస్టులను నింపకుండా వదిలేయడం మనం చాలా చోట్ల చూస్తున్నదే. వాలంటీర్లను చూపించి ఒక్క పోస్టు కూడా రద్దు చేయబోమని, ఖాళీలు ఆపబోమని మీ ఉత్తర్వులో రాయండి. ఇరవై ఏళ్లుగా ఆ గదుల్లో ఉన్న అటెండరుకు ఏ కిటికీ దగ్గర వాన కారుతుందో, ఏ షోకేసు తలుపు బిగుసుకుంటుందో తెలుసు. మాకు మొదటి పాఠం ఆయనే చెప్పాలి. అలా చెప్పిన రోజుకు ఆయనకు శిక్షకుడి భత్యం ఇవ్వాలి. అప్పుడు ఆయన మమ్మల్ని పోటీగా చూడరు.

డబ్బు ఎక్కణ్ణుంచి అని మీ అధికారులు అడుగుతారు. కోఆర్డినేటర్ జీతం రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలని నా అభిప్రాయం. దాతల సొమ్ము మీద జీతం ఆధారపడితే దాత మారిన ఏడాది మొత్తం కూలిపోతుంది. శిక్షణకు, డిజిటైజేషన్‌కు కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియం గ్రాంటు పథకం కింద దరఖాస్తు చేయవచ్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు ఖర్చు పెట్టదగిన పనుల్లో వారసత్వ, కళా, సంస్కృతుల పరిరక్షణ కూడా ఉంది. కంప్యూటర్లు, తేమ కొలిచే మీటర్లు, స్కానర్లు అలా తెచ్చుకోవచ్చు. వాలంటీరుకు జీతం అక్కర్లేదు గానీ, ఆమె చేతి డబ్బు ఖర్చు కాకూడదు. మహాలక్ష్మి పథకం వచ్చాక మాలాంటి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఖర్చు తప్పింది. మగ విద్యార్థులకు, పెద్దవాళ్లకు కూడా డ్యూటీ రోజున బస్సు చార్జీ, ఒక టీ, ప్రమాద బీమా ఇవ్వండి. కూర్చోవడానికి ఒక కుర్చీ, బ్యాగు పెట్టుకోవడానికి తాళం ఉన్న అర కూడా.

నగరమంతా ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. మూడు చిన్న మ్యూజియాలను ఎంచుకుని, ముగ్గురు కోఆర్డినేటర్లను పెట్టి, రెండేళ్లు నడపండి. ఎంతమంది చేరారన్నది కాదు, రెండో ఏడాది ఎంతమంది తిరిగి వచ్చారన్నది లెక్క అడగండి. మేం కొందరం కలిసి ఒక నమూనా డ్యూటీ షీటు, కొత్త వాలంటీర్లకు ఇవ్వాల్సిన శిక్షణ పాఠాలు, చేయకూడని పనుల పట్టిక తయారు చేశాం. వాటిని ఈ లేఖ ప్రతితో పాటు మీ కార్యాలయానికి పోస్టులో పంపుతున్నాను. ఈ చలికాలం స్కూలు ట్రిప్పులు మొదలయ్యేలోగా ఉత్తర్వు వస్తే, మొదటి జట్టుకు శిక్షణ ఇచ్చే బాధ్యత మేం తీసుకుంటాం.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్,
నల్లకుంట, హైదరాబాద్.