పువ్వు కషాన్‌ది, నేత భదోహిది: మా ట్యాగుల్లో మార్పు

ఈ నెల నుంచి మా షాపులో ప్రతి తివాచీ ట్యాగ్ మీద రెండు వరుసలు ఉంటాయి. పైన డిజైన్ పేరు, కింద అది నేసిన ఊరు. కషాన్ ఇరాన్‌లోని ఒక ఊరు, ఆ పేరుతోనే ఒక పూల డిజైన్ ఉంది. ‘కషాన్’ అని అడిగి కొనేవాళ్లలో చాలామంది అది ఇరాన్ నుంచే వచ్చిందనుకుంటున్నారు. ఉన్నమాట చెప్పాలంటే, మా దగ్గరున్న పూల తివాచీల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని భదోహిలోనో, కాశ్మీర్‌లోనో నేసినవి. బిల్లులో ఎప్పుడూ ఆ ఊరి పేరే రాస్తున్నాం. కానీ బిల్లు చదివేదెవరండీ! ఇరాన్ నేతవి ప్రస్తుతం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి, వాటి ధరలు వేరు.

అలాగని భదోహి నేత తక్కువదేం కాదు. ఊరు ఏదైనా ముందు చూడాల్సింది వెనకవైపు. చేత్తో ముడి వేసిన తివాచీని తిరగేస్తే పువ్వు ముందు ఎలా ఉందో వెనక కూడా దాదాపు అంతే స్పష్టంగా కనిపిస్తుంది. చివర వేలాడే కుచ్చులు పడుగు పోగులే, విడిగా కుట్టినవి కావు. వెనక గుడ్డ అంటించి ఉందంటే అది టఫ్టెడ్: గన్‌తో ఊలు గుచ్చి, జిగురు పూసి, గుడ్డ వేస్తారు. ఆ రకం కూడా అమ్ముతాం, అద్దె ఇంటికి అది చాలు. కాకపోతే ఇకపై దాన్ని వేరే గోడకు పెడుతున్నాం.

ధర దగ్గర చాలామంది ఆగిపోతున్నారు కాబట్టి ఒక లెక్క. ఆరు బై నాలుగు అడుగుల తివాచీ అంటే 3,456 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 200 ముడులైతే మొత్తం 6,91,200 ముడులు. ఒక మనిషి రోజుకు ఎనిమిది వేలు వేసినా 86 రోజుల పైమాటే. గీతల డిజైన్‌కు ఇన్ని ముడులు అక్కర్లేదు. తీగ వంపు తిరగాలన్నా, రేకు గుండ్రంగా రావాలన్నా ముడులు దగ్గర దగ్గరగా పడాలి. పల్చగా నేస్తే వంపు కాస్తా మెట్లు మెట్లుగా వస్తుంది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబిల్ తివాచీ ఫొటో పంపి ‘ఇలాంటిది చిన్న సైజులో చేయించండి’ అంటున్నవాళ్లకు మేం కాదనడానికి కారణం ఇదే. 1539-40 నాటి ఆ తివాచీ పొడవు పది మీటర్లు దాటుతుంది, ముడులు చదరపు అంగుళానికి సుమారు 340. దాన్ని మన హాలుకు సరిపడా కుదించి వంద ముడుల్లో నేస్తే పువ్వేదో ఆకేదో తెలియదు. డబ్బులిస్తామన్నా ఆ ఆర్డర్ తీసుకోం.

నన్నడిగితే మన ఇళ్లకు హెరాతీ డిజైన్ బాగుంటుంది. మధ్యలో గుండ్రటి పువ్వు, చుట్టూ డైమండ్ గడి, గడికి నాలుగు పక్కలా వంపు తిరిగిన పొడుగాటి ఆకులు. ఆ ఆకులు చేపల్లా ఉంటాయని ఇరాన్‌లో దీన్ని ‘మాహీ’ అనీ అంటారు. అదే బొమ్మ తివాచీ నిండా చిన్నచిన్నగా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి సోఫా ఎటు జరిపినా తేడా రాదు, టీ ఒలికినా వెంటనే కంటపడదు. నడిమధ్యలో పెద్ద మెడాలియన్, అంటే ఒకే పెద్ద బొమ్మ, ఉన్నదాన్ని కొని, దాని మీద టీపాయ్ పెట్టేవాళ్లను చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. షా అబ్బాసీ పువ్వు ఇష్టమైతే, అంటే నిలువునా కోసినట్టు లోపలి పొరలన్నీ కనిపించే పెద్ద పువ్వు, కాస్త పెద్ద సైజు తీసుకోండి. ఇరాన్‌ను ఏలిన సఫావీ రాజు మొదటి షా అబ్బాస్ పేరు మీద పిలిచే ఆ పువ్వుకు చోటు కావాలి. మీరు మామిడిపిందె అని అడిగేది ఇరాన్ వాళ్ల ‘బోతే’. అది ఏ సైజులోనైనా ఒదుగుతుంది.

కొనేటప్పుడు అంచు మూల కూడా చూడండి. కాగితం మీద ముందే నక్షా గీసుకుని నేసినదైతే అంచు తీగ మూల దగ్గర చక్కగా మలుపు తిరుగుతుంది. పల్లెల్లో మనసులోంచి నేసినవాటిలో అక్కడ పువ్వు సగానికి తెగిపోవచ్చు. అది లోపం కాదు. నాకైతే అవే ఎక్కువ నచ్చుతాయి.

వాట్సాప్ ఫొటోలో ఒక రంగు, ఇంట్లో ఇంకో రంగు అన్న ఫిర్యాదు ఎక్కువైంది. ఊలు ఒక వైపుకు వాలి ఉంటుంది. ఒక పక్క నుంచి చూస్తే లేతగా, ఎదుటి పక్క నుంచి ముదురుగా కనిపిస్తుంది. ఇకపై రెండు వైపుల నుంచీ ఫొటోలు పంపిస్తాం. ఒకే ఎరుపులో అక్కడక్కడ చారల్లా ఛాయ మారితే దాన్ని ‘అబ్రాష్’ అంటారు, వేర్వేరు దఫాల్లో అద్దకం వేసిన ఊలు కలిసినప్పుడు వస్తుంది. దీనికి రిటర్న్ ఉండదు, దయచేసి కొనకముందే చూసుకోండి. చెమ్మ తగిలి రంగు దిగితే మాత్రం తీసుకొచ్చేయండి, మార్చి ఇస్తాం.

ఏలూరు తివాచీల సంగతి చాలామంది అడుగుతున్నారు. పర్షియా (ఇప్పటి ఇరాన్) నుంచి వచ్చిన నేతగాళ్లతోనే ఈ పని అక్కడ మొదలైందని చెబుతారు. రెడీ స్టాక్ లేదు, మగ్గాలు బాగా తగ్గిపోయాయి. ఆర్డర్ మీద తెప్పిస్తాం, సగం అడ్వాన్సు. పెళ్లి ముహూర్తానికి కావాలంటే మాత్రం మమ్మల్ని నమ్ముకోవద్దు, తేదీకి మాట ఇవ్వలేం.