అమ్మకు, జర్మనీలోని టూబింగెన్ నుంచి

అమ్మా, వందనాలు.

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేశానని కోపమా? లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను, గట్టిగా మాట్లాడితే అందరూ తిరిగి చూస్తారు. దగ్గు తగ్గింది. రెండో అధ్యాయం గైడుకి ఇచ్చాను, ఆయన ఇంకా ఏమీ అనలేదు. గోంగూర పచ్చడి సీసా అడుగంటింది. ఇక అన్నం ఆ సీసాలోనే వేసి కలుపుకుంటున్నాను.

"విగ్రహాల వాళ్ల పుస్తకాలు చదివి పిల్ల మందిరం మానేస్తుంది" అని పెద్దమ్మ అందని నవ్వుతూ చెప్పావు. నీకూ ఆ భయం ఉందని నాకు తెలుసు. నేను చదివేది ఆ గొడవ గురించేనమ్మా, గ్రీకు దేవుళ్ల పుస్తకాలు క్రైస్తవులు చదవొచ్చా అని. నాలుగో శతాబ్దంలో కప్పదొకియ (ఇప్పటి టర్కీలో ఉంది) నుంచి బాసిల్, గ్రెగరీ అని ఇద్దరు విశ్వాసుల పిల్లలు ఏథెన్సుకి చదువుకి వెళ్లారు. అక్కడ ర్యాగింగ్ కూడా ఉండేది! కొత్త కుర్రాణ్ణి స్నానశాల దాకా ఊరేగించి, తలుపు దగ్గర కేకలేసి హడలగొట్టేవాళ్లు. ముందే చేరిన గ్రెగరీ అడ్డుపడి బాసిల్‌ని తప్పించాడు. అయినా బాసిల్‌కి ఊరు నచ్చక దిగులు పడితే, పక్కన కూర్చుని ఓదార్చాడు. నా మొదటి నెల నీకు గుర్తుందిగా.

బాసిల్ పోయాక గ్రెగరీ ఆ రోజులు తలుచుకున్నాడు. మాకు తెలిసినవి రెండే దారులు, ఒకటి మందిరానికి, ఒకటి గురువుల దగ్గరికి, విందులకీ నాటకాలకీ పోయే దారులు కావలసినవాళ్లకి వదిలేశాం అన్నాడు. నాకూ అంతే. రెండు ఆదివారాలు వెళ్లని మాట నిజమే, మంచు వల్ల.

355లో అదే ఏథెన్సులో చదివిన జూలియన్ తర్వాత రోమన్ చక్రవర్తి అయ్యాడు, క్రైస్తవం వదిలి పాత దేవుళ్లని పట్టుకున్నాడు. గ్రీకు కవి హోమర్ పాడిన దేవుళ్లని నమ్మనివాడు హోమర్‌ని ఎలా బోధిస్తాడు, గలిలయుల (క్రైస్తవుల్ని అలా అనేవాడు) మందిరాలకి పోయి మత్తయినీ లూకానీ చెప్పుకోండి అన్నాడు, 362లో. ఆ చట్టం ప్రకారం క్రైస్తవ పిల్లలు చదువుకోవచ్చు, క్రైస్తవ పంతుళ్లే చెప్పకూడదు. ఏథెన్సులో ప్రొహైరేసియస్ అనే పెద్ద క్రైస్తవ గురువుకి మినహాయింపు ఇచ్చినా, అక్కర్లేదని బడి వదిలేశాడట. నాన్నే గుర్తొచ్చాడు. పోతన పద్యం చెప్పే క్రైస్తవ తెలుగు మాస్టారంటే స్టాఫ్ రూంలో ఒకరూ, చర్చి వాకిట్లో ఒకరూ వెటకారం చేసేవాళ్లు కదా.

అప్పుడు సిరియాలోని లవొదికయలో అపొల్లినారిస్ అనే తండ్రీ కొడుకులు, ఆ పుస్తకాల బదులుగా, బైబిల్నే హోమర్ ఛందస్సులో, గ్రీకు తత్వవేత్త ప్లేటో సంభాషణల్లా తిరగరాశారు. మరుసటేడే జూలియన్ యుద్ధంలో పోయాడు, 364లో ఆ చట్టం పోయింది, వీళ్ల రాతలూ పోయాయి. జాషువా గారి క్రీస్తు చరిత్ర పద్యాలు మాత్రం మనింట్లో ఇంకా వినబడుతున్నాయి. నాన్న చేత ఒకటి పాడించి వాయిస్ మెసేజ్ పెట్టు.

పెద్దమ్మకి దానియేలుని గుర్తు చెయ్యి, కల్దీయుల విద్య నేర్చినా, సింహాల గుహలో వేస్తామన్నా ప్రార్థన మానలేదు. దానియేలునీ మోషేనీ బాసిల్ కూడా కుర్రాళ్లకి ఉదాహరణగా చెప్పాడు. తేనెటీగ అన్ని పువ్వుల మీదా వాలదు, వాలిన పువ్వునంతా మోసుకురాదు అనీ అన్నాడు. బైబిల్ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ సంగతి మాత్రం చెప్పకు. దేవుడి న్యాయపీఠం ముందు "నువ్వు క్రీస్తు మనిషివి కాదు, సిసెరో (రోమన్ రచయిత) మనిషివి" అని తనని కొరడాతో కొట్టినట్టు కలగన్నాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. తర్వాత కూడా రోమన్ కవి వర్జిల్ పద్యాలు ఆయన నోట్లోంచి పోలేదనుకో.

బీపీ మాత్ర రాత్రిపూట మర్చిపోతున్నావని తమ్ముడు చెప్పాడు. ఎవరి గురించి ఎవరు టెన్షన్ పడాలి? ఎవరైనా ఇటు వస్తుంటే పచ్చడితో పాటు నా పాత కీర్తనల పుస్తకం, ఆ అట్ట ఊడిందే, పంపు.

నీ చిన్ని