ఆ 20 నిమిషాలు కుళాయి దగ్గర నిలబడ్డ అక్కకు

నిన్న సాయంత్రం మా బాబు కుడి చెయ్యి పూర్తిగా చాచి బంతి పట్టుకున్నాడు. వేడినీళ్లు మీద పడిన ఏడు నెలల తర్వాత వాడి మోచెయ్యి అలా నిటారుగా సాగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ తోడున్నవాళ్లకు ఎదురుగా థాంక్స్ చెబుదామంటే గొంతు పూడుకుపోతోంది. అందుకే రాస్తున్నాను.

ముందు పక్కింటి అక్కకు. మరిగిన నీళ్ల గిన్నె వాడి చేతి మీద, ఛాతీ మీద ఒలికినప్పుడు నేను ఒక చేత్తో ఐసు, ఇంకో చేత్తో టూత్‌పేస్టు పట్టుకుని వాడి దగ్గరికి పరిగెత్తాను. అరుపులు విని వచ్చిన అక్క ఆ రెండూ లాగేసుకుంది. తడిసిన చొక్కా విప్పేసి, వాడి చెయ్యీ ఛాతీ కుళాయి నీళ్ల కింద పెట్టింది. కాలని చోట చలి పట్టకుండా టవల్ కప్పింది. "ముందు ఆస్పత్రికి పోదాం అక్కా" అని నేను ఏడుస్తుంటే, "బండి పిలిపించు. 20 నిమిషాలయ్యే దాకా నీళ్లు మాత్రం ఆపను" అంది. అప్పుడు ఆమె మీద నాకు కోపం కూడా వచ్చింది.

ఆ నీళ్ల విలువ తర్వాత డాక్టర్ గారు చెబితే తెలిసింది. మీద పడ్డ నీళ్లు జారిపోయినా చర్మంలో దిగిన వేడి లోపల కాలుస్తూనే ఉంటుందట. పూర్తిగా చచ్చిపోయిన చర్మం చుట్టూ, రక్తం సరిగ్గా ఆడక కొట్టుమిట్టాడే చర్మం కొంత ఉంటుంది. దాన్ని కాపాడుకోవచ్చు. మామూలు చల్లటి నీళ్లు దానికి మేలు చేస్తాయి. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకుపోయి అదీ పోతుంది. కాలిన వెంటనే కుదరకపోయినా మూడు గంటల లోపు నీళ్లు పోస్తే ఉపయోగం ఉంటుందన్నారు. ఈ మాట ఇంకెవరికైనా పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

బర్న్స్ వార్డు సిస్టర్‌కి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. వేళ్లతో కలిపి వాడి అరచెయ్యి వాడి ఒంట్లో దాదాపు 1 శాతమని చూపించి, ఉత్తినే ఎర్రబడ్డ చోటు వదిలేసి, ఒంట్లో ఎంత కాలిందో నా ముందే లెక్క వేశారు. 6 శాతం వచ్చింది. పిల్లల్లో 10 దాటితే సెలైన్ ఎక్కించాల్సి వస్తుందని, మనకి ఆ అవసరం లేదని చెప్పాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

రెండో రోజు డ్రెస్సింగ్ మారుస్తుంటే మోచేతి మడత దగ్గర తెల్లగా ఉన్న చోట ముట్టుకున్నా వాడు ఏడవలేదు. నేను సంతోషించాను. సిస్టర్ నన్ను బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మెల్లగా చెప్పారు. బొబ్బలు లేచి గులాబీ రంగులో తడిగా ఉండి, తాకితే విలవిల్లాడే చోట గాయం పైపైనే ఉంటుందట. నొప్పి తెలియని చోట నరాల చివరలు కూడా కాలిపోయి ఉండొచ్చట. ఆ మాట అంత ఓపికగా, అబద్ధం కలపకుండా చెప్పినందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

గాయం లోతు మొదటి రోజే తేలదని, కొన్నాళ్లు చూడాలని డాక్టర్ గారు తొందరపడలేదు. మిగతాదంతా రెండు వారాల్లో మానింది. ఆ చిన్న చోటు మాత్రం మూడు వారాలకి కూడా మానేలా లేదని తేలాక, తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికించారు. అతికించిన చోటు కన్నా తొడే వాణ్ని ఎక్కువ ఏడిపించింది. ఇలా ఉంటుందని ముందే చెప్పబట్టి తట్టుకున్నాం.

ఫిజియోథెరపీ మేడమ్ గారూ, మీరు లేకపోతే నిన్నటి బంతి లేదు. నొప్పికి చెయ్యి ముడుచుకుని పడుకుంటే వాడికి హాయిగా ఉండేది. నేనూ అలాగే వదిలేసేదాన్ని. ఆ హాయిలోనే మచ్చ బిగుసుకుపోయి కీలు పట్టేస్తుందని చెప్పి, రాత్రిళ్లు చెయ్యి ముడవకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టించారు. రోజుకి 23 గంటలు వేసుకోవాల్సిన బిగుతు తొడుగు వాడు పీకి పారేసిన ప్రతిసారీ వాడితో ఆడుతూ మళ్లీ తొడిగారు.

పక్క మంచం పాప వాళ్లమ్మా, మానుతున్న చర్మం నిద్ర పోనివ్వనంత దురద పెడుతుందని మాకు ముందుగా చెప్పింది మీరే. క్రీము రాసి మెల్లగా నిమరడం మీ దగ్గరే నేర్చుకున్నాను. పాప ఎలా ఉందో ఒక్క మాట చెప్పండి.

అక్కా, ఆ రోజు వాడికి కప్పిన నీ టవల్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఉతికి మడతపెట్టాను. ఆదివారం వాడే తెచ్చి నీ చేతికిస్తాడు.