తెల్లగా కనబడేది ఆవిరి కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో 26 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా మనవరాలు రెండో తరగతి. పోయిన వారం పరీక్షలో ఇడ్లీ పాత్ర బొమ్మ ఇచ్చి, పైకి లేస్తున్న తెల్లటి పొగలాంటిది ఏమిటో రాయమన్నారట. ‘చిన్న చిన్న నీటి చుక్కలు’ అని రాసింది. దానికి ఇంటూ పెట్టి, పక్కన ఎర్ర సిరాతో ‘నీటి ఆవిరి’ అని దిద్దారు. “ఏటి తాతా, నువ్వు చెప్పిందే కదా రాశాను” అని పిల్ల ఒకటే ఏడుపు. మార్కు పోతే పోయింది. కానీ పిల్ల రాసిందే నిజం.

నీటి ఆవిరి కంటికి కనబడదు. మరిగే కెటిల్‌ని పక్కనుంచి చూడండి. గొట్టం మూతి దగ్గర వేలెడు మేర ఏమీ లేనట్టే ఉంటుంది. ఆవిరి ఉన్నది అక్కడే. ఇంకాస్త పైకి వెళ్లి, బయటి గాలికి చల్లబడి సన్నటి చుక్కలయ్యాకే తెల్లబడుతుంది. ఖాళీగా కనిపించే ఆ చోటే చెయ్యి కాలుస్తుంది. అందుకే పిల్లల్ని దూరంగా నిలబెట్టి పెద్దవాళ్లే చూపించాలి.

సంక్రాంతి సెలవుల్లో మనవరాలిని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. ఇనుప డబ్బాల్లో మంచినీళ్లు పోసి, ఉప్పునీటి తొట్టిలో దింపుతాం. ఆ ఉప్పునీరు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టదు, డబ్బాలో నీళ్లు మాత్రం గడ్డకడతాయి. డబ్బా నిండా ఎందుకు పొయ్యరని అడిగింది. 100 లీటర్ల నీళ్లు గడ్డకడితే దాదాపు 109 లీటర్ల చోటు కావాలి, నిండా పోస్తే పైకి పొంగుకొస్తుంది. ఐసు నీళ్లమీద తేలేదీ అందుకే.

దిమ్మ బయటికి తియ్యగానే దాని ఒంటినుంచి తెల్లటి పొగ కిందికి జారింది. “ఐసు కూడా ఉడుకుతోందా తాతా?” అంది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఉడకడం లేదమ్మా, మన సముద్రపు గాలిలో కనబడని ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, చల్లటి దిమ్మ తగిలేసరికి చుక్కలవుతుందని చెప్పాను. ఇంటికొచ్చాక స్టీలు గ్లాసులో ఐసునీళ్లు పోశాం. గ్లాసు బయట పట్టిన చెమట వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, “ఇవీ గాల్లోవే” అంది. నేను చెప్పినదాన్నిబట్టి ఇడ్లీ పాత్ర సంగతి తనే పోల్చుకుంది.

అలా తెలుసుకున్న పిల్ల ఇప్పుడు ‘ఆవిరి తెల్లగా ఉంటుంది’ అని బట్టీ పట్టాలా? నాకు మనసొప్పడం లేదు. ప్రశ్నపత్రాలు, వర్క్‌షీట్లు తయారుచేసేవాళ్లు ఆ బొమ్మ కింద మాట మార్చాలి. ఘన, ద్రవ, వాయు అనే మాటలు తర్వాత చెప్పొచ్చు, ముందు పిల్లల చేతికి ఒక ఐసు ముక్క ఇవ్వాలి.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. బోట్లు ఆగితే మాకు ఐసు పని ఉండదు. ఆలోగా హార్బర్ చుట్టుపక్కల ఏ టీచరుగారు అడిగినా, పొద్దున్నే ఒక దిమ్మ ముక్క గోనెసంచిలో చుట్టి నేనే బడికి తెచ్చి ఇస్తాను. డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
ఒక ఐస్ ఫ్యాక్టరీ కార్మికుడు,
విశాఖపట్నం