ఓడ పొగతో పాటు నావికుడి జీతాన్నీ లెక్కించాలి

సంపాదకులకు నమస్కారం.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2050 ప్రాంతానికి ఓడల కర్బన ఉద్గారాలను నెట్ జీరోకు తేవాలని సంకల్పించింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023లో రేవుల కోసం ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలు తెచ్చింది. ఇవి అవసరమే. అయితే నౌకా సంస్థల బాధ్యతను ఇంధనంతో మాత్రమే కొలిచి, ఓడ నడిపే మనుషులను లెక్కలోంచి తప్పించడం అన్యాయమని మనవి చేస్తున్నాను.

అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం, 2024లో 312 ఓడల్లో 3,133 మంది నావికులను యజమానులు జీతాలివ్వకుండా, ఇంటికి పంపకుండా వదిలేశారు. వారిలో 899 మంది భారతీయులే; మరే దేశం వారూ ఇంతమంది లేరు. ఉద్దానం ఊళ్ల నుంచి ఎందరో యువకులు ఓడల్లో పనికి వెళ్తున్నందువల్ల ఇది మన ఇళ్ల సమస్య కూడా.

ఓడ మీద ఎగిరేది ఒక దేశపు జెండా, యజమాని కంపెనీ ఉండేది మరో దేశంలో, సిబ్బంది వేరొక దేశం వారు కావడంతో, అప్పులు పెరిగి యజమాని మొహం చాటేసిన రోజున అడగడానికి ఎవరూ దొరకరు. కాపలా లేకుండా ఓడను ఉంచకూడదంటూ రేవు అధికారులు తరచుగా నావికులను దిగనివ్వరు. మాల్దోవా జెండాతో తిరిగిన ‘రోసస్’ ఓడను 2013లో లెబనాన్‌లోని బీరూట్ రేవులో యజమాని వదిలేస్తే, కెప్టెన్‌తో సహా నలుగురు నెలల తరబడి అందులోనే చిక్కుకుపోయారు. దాని నుంచి దించి గిడ్డంగిలో పెట్టిన అమ్మోనియం నైట్రేట్ 2020 ఆగస్టు 4న పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. సిబ్బందిని పట్టించుకోని యజమాని ఆ తీరాన్ని మాత్రం పట్టించుకుంటాడా?

నియమాలు లేక కాదు. మన దేశం 2015లో ఆమోదించిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందానికి 2017 నుంచి అమలైన సవరణ ప్రకారం, రెండు నెలల జీతం బకాయి పడినా నావికుణ్ణి వదిలేసినట్టే. నాలుగు నెలల వరకు జీతం, తిరుగు ప్రయాణ ఖర్చు యజమాని చూపిన ఆర్థిక హామీ నుంచి రావాలి. ఆ హామీ పత్రం ఓడలో అందరికీ కనిపించేచోట ఉండాలి. విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులకు వచ్చే ప్రతి ఓడలోనూ ఇంధన పత్రాలతో పాటు ఈ పత్రాన్ని, జీతాల పట్టీని తనిఖీ చేయాలి. బొగ్గు, ఎరువులు తెప్పించే ప్రభుత్వ సంస్థలు చౌక కిరాయి ఒక్కటే చూడకుండా, సిబ్బందికి బకాయిలు లేవన్న షరతును కిరాయి ఒప్పందంలో చేర్చాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని నావికుల దగ్గర రుసుము వసూలు చేయడాన్ని కూడా సముద్ర కార్మిక ఒప్పందం నిషేధించింది. కాబట్టి నౌకాయాన డైరెక్టర్ జనరల్ లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితాను శ్రీకాకుళం జిల్లా యంత్రాంగం తెలుగులో ముద్రించి ప్రతి గ్రామ సచివాలయంలో అతికించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, సోంపేట