విప్పి చూడని తుపాకీకి తనిఖీ రుసుమా? ఎయిర్ రైఫిల్ తయారీ సంస్థకు ఫిర్యాదు లేఖ

అనంతపురం,
18-11-2025.

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మరమ్మతుకు నిరాకరించడం, చేయని తనిఖీకి రుసుము వసూలు చేయడం, విడిభాగాలు అమ్మకపోవడం గురించి.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌ను సెప్టెంబరు 22న బెంగళూరులోని మీ సేవా కేంద్రంలో నేనే స్వయంగా అప్పగించాను. ట్రిగ్గరు లోపల స్ప్రింగును పట్టి ఉంచే కొక్కెం అరిగిపోయి తాకకుండానే తుపాకీ పేలుతోందని, ఆ ఒక్కటి బాగుచేసి ఇవ్వమని అడిగాను. 47 రోజుల తరువాత, నవంబరు 8న, ఒక చీటీ అతికించి తిరిగి ఇచ్చారు. వినియోగదారు సొంతంగా మరమ్మతులు చేసినందున సేవ అందించలేమని ఆ చీటీలో ఉంది. తనిఖీ రుసుము కింద 1,180 రూపాయలు తీసుకున్నారు. ఆ నిరాకరణ అన్యాయం. ఆ రుసుము జరగని పనికి తీసుకున్నది. ఎందుకు అలా అంటున్నానో చెప్పాలంటే తుపాకీ సంగతి మొదటినుంచి చెప్పాలి.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో బంగారు పతకం గెలిచినప్పుడు, మా బడి పిల్లలు ఆ ఆట ఎలా ఉంటుందో చూపించమని పట్టుబట్టారు. మరుసటి ఏడాది నా జీతంలోంచి మీ తుపాకీ కొన్నాను. ఇంటి వెనుక రేకుల షెడ్డులో పది మీటర్లు కొలిచి, చివర ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు ఇనుప పెట్టెలో అట్ట లక్ష్యాలు పెట్టాను. 2012లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ లండన్‌లో కాంస్యం తెచ్చాక పిల్లల సంఖ్య రెట్టింపయింది. ఈ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. మీది పోటీల స్థాయి తుపాకీ కాదని నాకు తెలుసు. కానీ ఊపిరి నిలపడం, గురి చూడడం, ట్రిగ్గరును కుదుపు లేకుండా నొక్కడం మా పిల్లలు దానితోనే నేర్చుకున్నారు. 500 పెల్లెట్ల (చిన్న గుళ్ల) డబ్బాలు నెలకు రెండు ఖర్చవుతాయి. సెలవులు తీసేసినా ఈ పదహారేళ్లలో అది లక్షన్నర పెల్లెట్లు పేల్చింది. గొట్టం ఇప్పటికీ నిక్కచ్చిగా ఉంది. అంత మంచి గొట్టం చేసినవారిపై ఫిర్యాదు రాయవలసి రావడం నాకు బాధగానే ఉంది.

గొట్టాన్ని కీలు దగ్గర వంచి స్ప్రింగును బిగించే ఇలాంటి తుపాకీలో స్ప్రింగు, పిస్టన్ వాషరు, గొట్టం కీలు దగ్గరి రబ్బరు వాషరు అరిగిపోవడం సహజం. 2017 వరకు వాటిని మీరే పోస్టులో పంపేవారు. ఆ తరువాత ఈ నమూనా నిలిపివేశామని, విడిభాగాలు లేవని జవాబిచ్చారు. కొలతలైనా చెప్పమని రెండు ఉత్తరాలు రాశాను. దేనికీ బదులు రాలేదు. నా సొంత మరమ్మతులు మొదలైంది అక్కడే.

పిస్టన్ తల మీద ఉండేది తోలు వాషరు. స్ప్రింగు తోసినప్పుడు ముందున్న గాలిని నొక్కి పెట్టేది అదే. తోలు ఎండితే గాలి పక్కనుంచి జారిపోయి పెల్లెట్ నీరసంగా వెళుతుంది. మా ఊరి ఎండ సంగతి మీకు తెలియకపోవచ్చు. వేసవిలో ఇక్కడి గాలిలో తేమ అన్నది ఉండదు, తోలు అప్పడంలా పెళుసెక్కుతుంది. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట మాకు దూరం కాదు. అయితే బొమ్మలకు వాడే మేకతోలు పలుచన, ఈ పనికి ఆగదు. టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దున్నపోతు తోలు ముక్క ఇచ్చి, గుండ్రంగా కోసి పెట్టారు. వడ్రంగి చేసిచ్చిన చెక్క అచ్చు మీద తడి తోలును బిగించి గిన్నె ఆకారానికి తెచ్చి, గోరువెచ్చని ఆముదంలో రాత్రంతా నానబెట్టాను. మొదటిసారి తొందరపడి నూనె తుడవకుండానే బిగించాను. పెద్ద చప్పుడుతో గొట్టంలోంచి పొగ వచ్చింది, పెల్లెట్ గురికి బాగా పైన తగిలింది. నొక్కుకుపోయిన గాలి వేడికి నూనె అంటుకుంటుందని, అలాంటి పేలుళ్లు స్ప్రింగును కూడా విరుస్తాయని అప్పుడు తెలుసుకున్నాను. ఆ తరువాత ప్రతి వాషరునూ పాత ధోవతి గుడ్డలో చుట్టి ఒక రోజంతా ఆరనిచ్చాకే వేశాను. అలా వేసిన వాషరుతో అయిదు పెల్లెట్లు పది మీటర్ల దూరంలో రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. ఆ అట్టను దాచాను.

గొట్టం కీలు దగ్గరి వాషరుకు మొదట కుళాయి రబ్బరు వాడాను. గట్టిగా ఉండి సరిగా కూర్చోలేదు. మెత్తని రబ్బరుతో నాలుగోసారికి కుదిరింది. కీలు మీద పలుచని కాగితం ముక్క ఉంచి పేలిస్తే, అది కదిలితే గాలి కారుతున్నట్టు. నాలుగోసారి కాగితం కదలలేదు. భుజానికి ఆనించే కొయ్య మడమకు ఎండకు పగులు వచ్చినప్పుడు పాతూరు వడ్రంగి టేకు పొట్టు, జిగురు కలిపి నింపి, నూలు తాడుతో బిగించి కట్టారు. ఆ తాడు చుట్లు ఇప్పటికీ ఉన్నాయి.

స్ప్రింగు విషయంలో ఒక తప్పు చేశాను. లేతు పని చేసే దుకాణంలో కొత్త స్ప్రింగు చుట్టించాను. అది అవసరానికి మించి బలంగా వచ్చింది. తుపాకీ భుజాన్ని తన్నింది, వారంలోనే తోలు వాషరు చిరిగింది. పైగా మన దేశంలో లైసెన్సు అక్కరలేని ఎయిర్ రైఫిల్ శక్తి 20 జూళ్ల లోపే ఉండాలి. పిల్లల చేతికి ఇచ్చే వస్తువుతో ఆ హద్దు దగ్గరకు కూడా వెళ్లకూడదని అదే రోజు దాన్ని తీసేశాను. బెంగళూరులో దొరికిన మామూలు స్ప్రింగు రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే వెనుక ఉక్కు బిళ్ల ఒకటి పెట్టి సరిచేశాను.

వీటన్నిటి మధ్య నేను ముట్టుకోనిది ఒక్క ట్రిగ్గరు. దాని కొక్కేన్ని ఆకురాయితో రుద్ది సరిచేయవచ్చని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఒప్పుకోలేదు. వాషరు చెడితే గురి తప్పుతుంది, కొక్కెం చెడితే మనిషికి తగులుతుంది. ఆగస్టులో ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి పెల్లెట్ పెట్టి గొట్టం మూయగానే, ట్రిగ్గరు మీద వేలు లేకుండానే తుపాకీ పేలింది. మూతి ఎప్పుడూ ఇసుక బస్తాల వైపే ఉండాలన్నది మా షెడ్డులో మొదటి నియమం కాబట్టి పెల్లెట్ బస్తాలోకి పోయింది. గొట్టం తెరిచి ఉండగా ఆ కొక్కెం జారి ఉంటే, గొట్టం విసురుగా మూసుకుని ఆ పిల్ల వేళ్లు నలిగిపోయేవి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడే సాధన ఆపివేశాను. 200 కిలోమీటర్లకు పైగా బస్సులో ప్రయాణించి మీ దగ్గరకు వచ్చాను.

వచ్చినప్పుడు ఏదీ దాచలేదు. ఇన్నేళ్లలో నేను చేసిన ప్రతి మరమ్మతునూ తేదీలతో సహా రెండు కాగితాల మీద రాసి తుపాకీతోపాటు ఇచ్చాను. లోపల ఏముందో తెలిస్తే మీ పనివారికి సులువవుతుందని, విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి దెబ్బ తగలకుండా జాగ్రత్తపడతారని నా ఉద్దేశం. మీరు ఆ కాగితాలను చదివి, తుపాకీని మాత్రం తెరవలేదు.

తెరవలేదని ఎలా చెప్పగలనంటే, మరలు అదురుకు వదులవుతుంటే వాటి తలల చుట్టూ మా అమ్మాయి గోళ్ల రంగు పూసింది. ఎర్ర రంగు, చెక్కనూ మరనూ కలుపుతూ. మర ఒక్క చుట్టు తిరిగినా ఆ రంగు పగులుతుంది. ఇంటికి వచ్చి ట్యూబులైటు కింద చూశాను. మడమను పట్టి ఉంచే మూడు మరల మీదా రంగు ఎక్కడా చెదరలేదు. ఆ మూడు మరలు విప్పకుండా ట్రిగ్గరు భాగాన్ని చూడడం కుదరదని తయారుచేసిన మీకు నేను చెప్పాలా? మరి ఆ 1,180 రూపాయలు దేన్ని తనిఖీ చేసినందుకు? 47 రోజులు తుపాకీ మీ దగ్గర ఏ పని మీద ఉంది? వెళ్లేటప్పుడు లేని వంపు ఇప్పుడు తుపాకీ మీద గురి చూసే వెనుక పలకకు వచ్చింది, దానికి కూడా చీటీలో ఒక్క మాట లేదు.

విడిభాగాలు అమ్మని మీరు, సొంతంగా చేసుకున్న మరమ్మతును నా తప్పుగా చూపడం నేను ఒప్పుకోను. నేను వేసిన వాషరు వల్ల కొక్కెం అరిగిందని మీరు పరీక్షించి తేలిస్తే, ఆ ఖర్చు నేనే భరిస్తాను. పరీక్షించకుండానే అలా తేల్చడం సేవాలోపం. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులోని రంగాలు. ఎయిర్ రైఫిళ్లు వాటిలో లేవని మీరు అనవచ్చు. కొన్న వస్తువును బాగుచేసుకునే అవకాశం కొన్నవాడికి ఉండాలన్న న్యాయం మాత్రం ట్రాక్టరుకూ తుపాకీకీ ఒకటే.

నేను అడుగుతున్నది ఇది. తనిఖీ రుసుము 1,180 రూపాయలు తిరిగి ఇవ్వండి. ట్రిగ్గరు కొక్కెం, దాని రెండు పిన్నులు మార్చి ఇవ్వండి, వాటి ధర చెల్లించడానికి నేను సిద్ధం. పాత భాగం లేకపోతే కొత్తగా చేయించి ఇవ్వండి, లేదా ఈ తుపాకీ ఇక వాడదగినది కాదని విప్పి చూసి, కారణంతో సంతకం చేసి చెప్పండి. ఆ మాట రాతపూర్వకంగా వస్తే నేనే దాన్ని పక్కన పెడతాను, పిల్లల విషయంలో నాకు మొండితనం లేదు. నిలిపివేసిన నమూనాల వాషర్లు, స్ప్రింగుల కొలతలను కొన్నవారందరికీ అందుబాటులో ఉంచండి. కొలత తెలియక మరెవరో లేతు మీద బలమైన స్ప్రింగు చుట్టించుకునే ప్రమాదం ఉంది. నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అయిదు లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ దాఖలు రుసుము కూడా లేదు. నవంబరు 8 నుంచి మరల మీద రంగును ముట్టుకోలేదు. తుపాకీని గుడ్డలో చుట్టి పెట్టెలో తాళం వేశాను. మీ ప్రతినిధి వచ్చి చూస్తానంటే, ఆయన ముందే తెరుస్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
అనంతపురం.

జతచేసినవి: కొనుగోలు రసీదు నకలు, మీ తిరస్కరణ చీటీ, 1,180 రూపాయల రసీదు, మరమ్మతుల వివరాల రెండు కాగితాల నకళ్లు, మూడు మరల ఫోటోలు, రూపాయి బిళ్లంత చోటులో అయిదు రంధ్రాలున్న అట్ట ఫోటో.