తోడేలు కుక్కను తెచ్చుకునే ముందు

సంపాదకుల వారికి,

తోడేలుకు, కుక్కకు క్రాస్‌గా పుట్టే తోడేలు కుక్క పిల్లల వీడియోలు ఈమధ్య ఎవరి ఫోన్‌లో చూసినా ఉంటున్నాయి, ఒకటి తెచ్చుకుందామనుకుంటున్నామని తెలిసినవాళ్లు ముగ్గురు నన్ను అడిగారు కూడా. నా స్నేహితుడి ఇంట్లో అలాంటిది పెరగడం మూడేళ్లు దగ్గర నుంచి చూశాను, అందుకే రాస్తున్నాను.

పిల్లగా ఉన్నంతకాలం దాన్ని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. అసలు సంగతి రెండేళ్లు నిండాకే తెలుస్తుంది, ఎందుకంటే తోడేలు పూర్తిగా ఎదిగేది అప్పుడే. ఒకరోజు అది మాంసం తింటోంది, నా స్నేహితుడు రోజూలాగే గిన్నె జరపబోయాడు. అది మొరగలేదు, గుర్రుమనలేదు. తల గిన్నెలోనే ఉంచి కళ్లు మాత్రం పైకెత్తింది, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు, ఆ తర్వాత అది తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లడమే మానేశాడు. చలికాలం తోడేళ్లు జత కట్టే కాలం కాబట్టి, ఆ రోజుల్లో కొన్నింటి తీరు ఇంకా మారిపోతుంది, ఇంట్లోవాళ్ల మీదే పెత్తనానికి వస్తాయి.

ప్రేమగా పెంచితే మారుతుంది కదా అంటారు. పెంపకం చాలా అవసరమే, కాదనను, కానీ పెంపకంతో రక్తం మారదు. రష్యాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త 1959లో నక్కల మీద మొదలుపెట్టిన ప్రయోగంలో, ప్రతి తరంలోనూ మనిషికి బెదరనివాటిని ఏరి వాటినే జత కట్టిస్తూ పోతే తరాలు గడిచాక తోకాడించే నక్కలు పుట్టాయి. కుక్క మనకు మచ్చికై కనీసం 15,000 ఏళ్లు అంటారు. ఒక్క క్రాస్‌తో తోడేలు రక్తం మళ్లీ కలిపి, ఆ మచ్చిక మాత్రం అలాగే ఉండాలంటే ఎలా?

కాపలాకు పనికొస్తుందని తెచ్చుకునేవాళ్లకైతే గట్టిగా చెబుతున్నాను, రాదు. తోడేలు స్వభావం కొత్తమనిషిని చూస్తే తప్పుకునేదే. నెదర్లాండ్స్‌లో సార్లూస్ అనే ఆయన జర్మన్ షెపర్డ్‌ను మెరుగుపరచాలని 1930లలో తోడేలుతో కలిపితే, చివరికి వచ్చిన జాతి కొత్తవాళ్లకు దూరంగా జరిగే జాతి అయింది. చెకోస్లోవేకియాలో 1955లో కార్పాతియన్ కొండల తోడేళ్లతో ప్రయోగంగా మొదలై, సరిహద్దు కాపలాకు కూడా వాడిన జాతి ఇప్పుడు ఉంది, అన్ని తరాలు గడిచినా అది మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు తగింది కాదు.

కంచె సంగతి ముందే ఆలోచించుకోండి. ఎనిమిది అడుగుల ఎత్తు ఉండాలి, నేల లోపలికీ జాలీ దిగాలి, ఎందుకంటే ఇవి దూకడమే కాదు, తవ్వి కూడా పోతాయి. మావాడి ఇంట్లో అది తలుపు గడియ మూతితో తీయడం నేర్చుకుంది, రెండుసార్లు పక్కింటి కోళ్ల మీద పడింది. ఒంటరిగా వదిలితే సోఫా చీల్చేసేది, అందుకని ఆ మూడేళ్లలో ఇల్లంతా కలిసి ఊరికెళ్లింది లేదు. పశువైద్యుడితో కూడా ముందే మాట్లాడుకోండి, అమెరికాలో రేబిస్ టీకాలకు కుక్కల విషయంలో ఉన్న అధికారిక అనుమతి తోడేలు క్రాస్‌లకు లేదు, అలాంటప్పుడు టీకా వేయించినా, అది ఎవరినైనా కరిస్తే టీకా లేనిదాని కిందే లెక్కకట్టే ప్రమాదం ఉంది. మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా డబ్బు కట్టకముందే కనుక్కోవాలి. ఇంకో మాట, తోడేలు కుక్క అని అమ్మేవాటిలో చూడటానికి తోడేలులా ఉండే హస్కీ, మాలమ్యూట్ జాతి కుక్కల ఉత్త క్రాస్‌లు చాలా ఉంటాయి. తోడేలు రక్తం ఇంత శాతం అని అమ్మేవాళ్లు చెప్పే లెక్కలు నమ్మకండి, ఒకే ఈతలో పుట్టిన పిల్లలే ఒకదానిలా ఒకటి ఉండవు.

మావాడికి పాప పుట్టాక దాన్ని ఇంట్లో ఉంచుకోలేకపోయాడు. మామూలు కుక్కల షెల్టర్లు తీసుకోవడం కుదరదన్నాయి, ఇలాంటివాటిని చూసుకునే చోట ఖాళీ దొరికేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ అది కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, తిరిగి తిరిగి అక్కడ గడ్డి చచ్చిపోయి సన్నటి దారి పడింది.

మీకు నా విన్నపం ఒక్కటే. తోడేలు కుక్క పిల్ల ఫొటో వేసినప్పుడల్లా, మూడేళ్లు నిండినదాని ఫొటో కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు